మీ పొలం కొలిచిన సర్వేయరే పక్క రైతు తరఫునా కొలిస్తే: హద్దు తగాదాలో ఎవరి మాట, ఏ రాయి, ఏ దారి

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. పల్నాడు ప్రాంతంలో రెండేళ్ల క్రితం మీరు మెట్ట పొలం కొన్నారు. దస్తావేజులోనూ రెవెన్యూ శాఖ 1బి రికార్డులోనూ ఉన్న విస్తీర్ణం 2 ఎకరాల 66 సెంట్లు. బేరం కుదిర్చిన లైసెన్సు సర్వేయరే రిజిస్ట్రేషనుకు ముందు కొలిచి 2 ఎకరాల 71 సెంట్లు వచ్చిందని చెప్పారు. కొలత ప్రకారం సొమ్ము అన్న ఒప్పందం ఉండటం వల్ల ఆ అదనపు 5 సెంట్లకూ మీరు డబ్బు కట్టారు. ఇప్పుడు తూర్పు వైపు రైతు అదే సర్వేయరును పిలిపించి కొలిపించుకున్నారు. మీ గట్టు తన పొలంలోకి 5 సెంట్ల మేర జరిగి ఉందని ఆయన అంటున్నారు. సర్వేయరేమో ఇద్దరూ తనకు కావలసినవారేనని, తానే కూర్చోబెట్టి తేలుస్తానని కబురు పెట్టారు. మీ ఊళ్లో రీసర్వే (ప్రభుత్వం భూములన్నిటినీ మళ్లీ కొలిచే పని) ఇంకా పూర్తి కాలేదు. ఆయన పెట్టే పంచాయితీకి వెళ్లాలా, మండల సర్వేయరుకు దరఖాస్తు చేయాలా, నేరుగా కోర్టుకు వెళ్లాలా అని అడిగారు.

నేను సర్వే, భూరికార్డుల శాఖలో పనిచేసి డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా విరమించాను. ఇటువంటి తగాదాలను శాఖ తరఫునా, కోర్టు కమిషనర్ల వెంట వెళ్లీ చాలా చూశాను గనుక కొంత వివరంగానే రాస్తున్నాను.

మొదటి మాట: ఆ పంచాయితీకి వెళ్లకండి. ఆయన చెడ్డవారనో, లంచం తీసుకున్నారనో ఈ మాట అనడం లేదు. ఒకే హద్దు మీద ఆయన తీసిన రెండు కొలతలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మొదటిది నిజమైతే పక్క రైతు దగ్గర తీసుకున్న ఫీజుకు అర్థం లేకుండా పోతుంది. రెండోది నిజమైతే మీ చేత 5 సెంట్లకు ఎక్కువ సొమ్ము కట్టించిన కొలత తప్పని, ఆ బేరం మీద వచ్చిన కమీషన్‌కు కూడా జవాబు చెప్పుకోవలసి వస్తుందని తేలుతుంది. ఏది తేలినా తన మీదకు వచ్చే స్థితిలో ఉన్న మనిషి సహజంగానే రెంటికీ మధ్య ఎక్కడో ఒక గీత గీసి, చెరి రెండున్నర సెంట్లు సర్దుకోమంటారు. అది మీ ఇద్దరికీ న్యాయమో కాదో గాని ఆయనకు మాత్రం క్షేమం. ఈ తగాదాలో ఆయన సాక్షి అవుతారు తప్ప మధ్యవర్తి కాలేరు. కనుక ఆయనతో తగువు పెట్టుకోకుండా, రెండు కొలతలకూ సంబంధించిన స్కెచ్చులూ ఫీల్డు బుక్కు పుటలూ మీకూ పక్క రైతుకూ ఇవ్వమని మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. అందులో ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి: మొదటిసారి ఏ రాయి నుంచి కొలత మొదలుపెట్టారు, రెండోసారి ఏ రాయి నుంచి మొదలుపెట్టారు?

ఈ ప్రశ్నను ఎందుకు ఇంతగా నొక్కుతున్నానో అర్థం కావాలంటే సర్వేలో పక్షపాతం ఎక్కడ దూరుతుందో తెలియాలి. నలుగురు చూస్తుండగా టేపు మీద అంకె తప్పు చదవడం కష్టం, పరికరంలో వచ్చిన దూరాన్ని మార్చి చెప్పడం ఇంకా కష్టం. బయలుదేరే రాయిని ఎంచుకోవడం మాత్రం చాలా తేలిక, పైగా దాన్ని ఎవరూ అడగరు. మీ పొలం ఆకారానికి దగ్గరగా ఉండే ఒక లెక్క చూపిస్తాను. ఇవి నేను ఊహించుకున్న అంకెలే అయినా, ఇలాంటి అంకెలు నాకు కొత్త కావు.

ఎఫ్ఎంబిలో, అంటే పొలాల గీతలూ కొలతలూ ఉండే సర్వే శాఖ పటంలో, పడమటి రాయి నుంచి తూర్పు రాయికి ఒక జి లైన్ (కొలతలకు ఆధారంగా రెండు రాళ్లను కలిపే గీత) ఉందనుకోండి, దాని పొడవు 1,012 లింకులు అని రాసి ఉందనుకోండి. మన ఆంధ్ర ప్రాంతపు ఎఫ్ఎంబిలలో గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మీకూ తూర్పు రైతుకూ మధ్య హద్దు పడమటి రాయి నుంచి 430 లింకుల దగ్గర, అంటే తూర్పు రాయి నుంచి 582 లింకుల దగ్గర ఉంది. ఉత్తర దక్షిణాలుగా పొలం నిడివి 620 లింకులు. 430ని 620తో గుణిస్తే 2,66,600 చదరపు లింకులు, అంటే దాదాపు మీ 2 ఎకరాల 66 సెంట్లే వస్తాయి. ఇప్పుడు అదే రెండు రాళ్ల మధ్య నేల మీద టేపు పెడితే 1,012 బదులు 1,020 లింకులు వచ్చాయనుకోండి. పడమటి రాయి నుంచి 430 కొలిచి మేకు కొడితే హద్దు ఒకచోట పడుతుంది. తూర్పు రాయి నుంచి 582 కొలిచి మేకు కొడితే హద్దు దానికి 8 లింకులు తూర్పుగా, అంటే దాదాపు ఐదుంపావు అడుగుల అవతల పడుతుంది. 8 లింకుల వెడల్పును 620 లింకుల నిడివితో గుణించి చూడండి: 4,960 చదరపు లింకులు, అంటే దాదాపు 5 సెంట్లు. మీ తగాదా మొత్తం ఆ చీలికలోనే ఉండి ఉండవచ్చు. రెండుసార్లూ సర్వేయరు టేపు నిజాయితీగానే చదివి ఉంటారు. కాకపోతే అమ్మకం రోజున తూర్పు రాయి దగ్గర మొదలుపెట్టారు, పక్క రైతు పిలిచిన రోజున పడమటి రాయి దగ్గర మొదలుపెట్టారు. ఏ రోజు ఎవరికి ఏది లాభమో ఆ రోజు ఆ రాయి.

మరి అసలు హద్దు ఏదని అడుగుతారు. ఆ 8 లింకుల తేడా ఎందుకు వచ్చిందో తేల్చకుండా జవాబు లేదు, తేల్చడానికి పద్ధతి ఉంది. ఆ ఒక్క గీతనే కాకుండా ఆ సర్వే నంబరులోని మిగిలిన జి లైన్లనూ, చుట్టుపక్కల నంబర్ల గీతల్లో రెండు మూడింటినీ, మూడు నంబర్లు కలిసే ముక్కూడలి రాళ్ల మధ్య దూరాలనూ కొలవాలి. అన్ని గీతల్లోనూ నూటికి 0.8 చొప్పున అదనం కనిపిస్తే పాతకాలపు గొలుసు సాగి ఉందని అర్థం, ఎందుకంటే వాడగా వాడగా లింకులు అరిగి గొలుసు పొడవెక్కినప్పుడు అది ఉన్న దూరాన్ని తక్కువగా చూపిస్తుంది. అప్పుడు ఆ అదనాన్ని గీత పొడవునా దామాషాగా పంచాలి. అలా పంచితే హద్దు పడమటి రాయి నుంచి 433.4 లింకుల దగ్గర పడుతుంది, ఇద్దరి పొలాలకూ తమ వాటా మేర కలిసివస్తుంది. అలా కాక మిగిలిన గీతలన్నీ ఎఫ్ఎంబితో సరిపోయి ఈ ఒక్క గీతలోనే తేడా వస్తే రెండు రాళ్లలో ఒకటి కదిలినట్టు. ఏది కదిలిందో మిగిలిన రాళ్ల నుంచి దూరాలు కొలిచి చూస్తే తెలిసిపోతుంది. ఉదాహరణకు తూర్పు రాయి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకి మళ్లీ పాతినదైతే దాన్ని పక్కనపెట్టి 430 దగ్గరే హద్దు వేయాలి. ఇంత పని చేయకుండా ఒకే రాయి నుంచి ఒకే కొలత తీసి ఇచ్చిన స్కెచ్చుకు, అది ఎవరిచ్చినా, నేను విలువ ఇవ్వను.

డీజీపీఎస్‌తో కొలిపించాం, ఇంక తప్పేముంటుంది అనేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే డీజీపీఎస్ రోవరైనా, దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషనైనా ఉన్న రాయి ఎక్కడుందో చాలా కచ్చితంగా చెబుతుంది గాని, ఆ రాయి ఉండవలసిన చోటే ఉందో లేదో దానికి తెలియదు. కదిలిన రాయిని ఆధారం చేసుకుంటే సెంటీమీటరు పొల్లుపోకుండా తప్పు హద్దు చూపిస్తుంది. ఇక ఫోన్‌లోని మ్యాప్ యాప్‌తో గట్ల మీద తిరిగి వచ్చి తగాదా పడేవారికి చెప్పవలసింది ఒక్కటే, అందులో కొన్ని మీటర్ల తేడా మామూలు, మీ తగాదా ఐదడుగులది.

ఇప్పుడు మీ స్థితి ఏమిటో నిదానంగా చూడండి. పక్క రైతు చెబుతున్న గీతే నిజమైనా మీ దస్తావేజులోని 2 ఎకరాల 66 సెంట్లు మీకు పూర్తిగా ఉంటాయి. పోయేది మీరు కొలత మీద నమ్మకంతో అదనంగా డబ్బు కట్టిన 5 సెంట్లు. కాబట్టి మీ మనసులో ఒకటిగా కలిసిపోయిన గొడవలో నిజానికి వేరువేరు సంగతులు ఉన్నాయి: రికార్డు ప్రకారం గీత ఎక్కడుంది, గట్టు ఉన్న చోటు మీద మీకు ఏ హక్కయినా ఏర్పడిందా, అదనంగా కట్టిన సొమ్ముకు జవాబుదారు ఎవరు. మొదటిది సర్వేయరు చెప్పగలిగేది. రెండోది సివిల్ కోర్టు మాత్రమే చెప్పగలిగేది. మూడోదానితో పక్క రైతుకు అసలు సంబంధమే లేదు. ఎవరి దగ్గర అడగవలసింది వారి దగ్గర అడగకపోవడం వల్లనే ఐదు సెంట్ల తగాదాలు తరాల పగలుగా మారడం చూశాను.

మొదటి దానికి దారి ఎఫ్ లైన్ దరఖాస్తు, అంటే రికార్డులోని హద్దును నేల మీద చూపించమని ప్రభుత్వ సర్వేయరును కోరడం. మీసేవలో గాని గ్రామ సచివాలయంలో గాని రుసుము కట్టి, మీ దస్తావేజు, 1బి, అడంగల్ (సాగు వివరాల రికార్డు) ప్రతులు జతచేసి హద్దులు చూపించమని కోరండి. వీలైతే పక్క రైతును కూడా ఒప్పించి ఇద్దరూ కలిసి పెట్టుకోండి, అప్పుడు వచ్చే సర్వేయరు ఎవరి మనిషీ కారు. దరఖాస్తులోనే ఫలానా లైసెన్సు సర్వేయరు రెండు వేర్వేరు కొలతలు ఇచ్చారని రాసి, సర్వే నంబరులోని రాళ్లన్నీ పరిశీలించి ఆధార రాళ్లు ఏవో స్కెచ్చులో చూపమని అడగండి. తూర్పు రైతుకే కాకుండా నాలుగు వైపులా ఉన్న పట్టాదారులందరికీ నోటీసు వెళ్లేలా చూడండి. నోటీసు అందని మనిషి రేపు ఆ కొలతనంతా నాకు తెలియకుండా చేశారని కొట్టిపారేయిస్తాడు. మీది మిర్చో పత్తో అయి ఉంటుంది గనుక పంట తీసిన తరువాత, తొలకరికి ముందు తేదీ అడగడం మంచిది. నిలువెత్తు పైరులో చూపు ఆనదు, రాయి దొరకదు, తొక్కిన పైరుకు ఇంకో తగాదా మొదలవుతుంది.

కొలత జరిగే రోజున చేయవలసిన చిన్న పని ఒకటి ఉంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. చివరలో పంచనామా రాసి సంతకం పెట్టమంటారు. సంతకం పెట్టకపోతే రాలేదని రాస్తారు, పెడితే ఒప్పుకున్నారని వాదిస్తారు. అందుకని సంతకం కింద మీ చేతివ్రాతతో ‘కొలతలు తీస్తున్నప్పుడు హాజరుగా ఉన్నాను, ఇది ఫలితానికి నా అంగీకారం కాదు’ అని రాసి తేదీ వేయండి. పక్క రైతునూ అలాగే రాయమనండి. దాని పక్కనే ఏ రాయి నుంచి ఏ రాయికి ఎంత వచ్చింది, ఎఫ్ఎంబిలో ఎంత ఉంది అన్న అంకెలు అక్కడికక్కడే స్కెచ్చు మీదకు ఎక్కాలి. ఆఫీసుకు వెళ్లి తరువాత వేస్తానన్న స్కెచ్చులో అంకెలు చాలా అందంగా సరిపోతాయి, అదే నాకు అనుమానం.

ప్రభుత్వ సర్వేయరు వచ్చినంత మాత్రాన స్వప్రయోజనాల సమస్య తీరిపోదు. ఆయనకు ఆ ఊళ్లో చుట్టరికం ఉండవచ్చు, పొలమే ఉండవచ్చు, ఒక వైపు వారితో పాత పరిచయం ఉండవచ్చు. పల్లెల్లో ఎవరికీ ఏమీ కాని మనిషిని వెతికి తేవడం జరిగే పని కాదు. అందుచేత చుట్టరికం ఉందన్న ఒక్క కారణంతో కొలతను వద్దనడం నాకు సమ్మతం కాదు, చుట్టరికాన్ని ముందుగా చెప్పకుండా దాచడమే తప్పు. కొలత మొదలుకాకముందే నలుగురి ఎదుట ‘ఈ భూమి విషయంలో గాని, ఈ ఇద్దరిలో ఎవరితో గాని మీకు మునుపు పనో, బంధుత్వమో, డబ్బు లావాదేవీనో ఉందా’ అని అడిగి, వచ్చిన జవాబును పంచనామాలో మొదటి వాక్యంగా రాయించండి. ఉందంటే, ఇద్దరూ అయినా సరే అంటే కొనసాగవచ్చు, ఒక్కరు వద్దన్నా తహసీల్దారుకు వేరొకరిని పంపమని రాసుకోవచ్చు. కొలత అయిపోయి ఫలితం మనకు ఎదురు తిరిగాక ఆయన వారి బావమరిది అని బయటపెడితే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమూ సబబే.

డబ్బు సంగతి అంతకంటే సూటిగా ఉండాలి. ప్రభుత్వ సర్వేయరుకు మీరు కట్టవలసింది రుసుము మాత్రమే. దారిఖర్చులని, గొలుసు కూలీలని చేతిలో పెట్టే నోట్లు ఎదుటివారికి ఆ కొలతను కొట్టేయడానికి చాలినంత సాకు. భోజనం కూడా అంతే. ఎవరి వసారాలో కూర్చుని కాఫీ తాగాడన్నది ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది, సర్వేయరు మరిచిపోయినా. ప్రైవేటు సర్వేయరును పెట్టుకోవలసి వస్తే ఫీజు రోజుకు ఇంత అని ముందే రాసుకుని, ఇద్దరూ చెరిసగం వేసుకుని, కొలతకు ముందే చెల్లించండి. తేలిన సెంట్ల మీద ఇంత, కలిసివచ్చిన దానిలో ఇంత అని లెక్కగట్టే ఫీజుకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. మీ మొదటి కొలతలో జరిగింది దాదాపు అదే: విస్తీర్ణం పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే కమీషన్ పెరుగుతుంది.

ఎఫ్ లైన్ కొలత మీకు నచ్చకపోతే కారణాలు చూపి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు చేత తిరిగి కొలిపించమని కోరవచ్చు, ఆపైన సర్వే శాఖ జిల్లా ఏడీ (అసిస్టెంట్ డైరెక్టరు) దాకా వెళ్లవచ్చు. పాత కొలతలో ఏ రాయిని వదిలేశారో, ఏ గీత సరిచూడలేదో చెప్పగలిగితే వింటారు. నాకు తక్కువ వచ్చింది అంటే వినరు. ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఎఫ్ లైన్ అంటే ఉన్న రికార్డులోని గీతను నేల మీద చూపించడం వరకే. భూమి ఎవరిదన్న తీర్పు ఇచ్చే అధికారం అందులో లేదు, గట్టు తీయించే అధికారమూ లేదు. సర్వేయరు మేకు కొట్టి వెళ్లిన మర్నాడే ట్రాక్టరుతో గట్టు దున్నేసే మనుషులు ఉంటారు. అలా జరిగే సూచన ఉంటే ముందే పోలీసులకూ తహసీల్దారుకూ రాసి ఇవ్వండి. సివిల్ వ్యవహారం అని పోలీసులు పంపేయడం మామూలే అయినా, ప్రభుత్వం పాతిన సర్వే రాయిని పీకడం, జరపడం పాత శిక్షా స్మృతిలోనూ ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. కాబట్టి రాళ్ల ఫొటోలు, చుట్టూ ఆనవాళ్లు కనపడేలా, ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మీ ఊరికి రీసర్వే వస్తే లెక్క మారుతుంది, అందుకని రెండు మాటలు. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద తగాదా లేని హద్దును 9వ సెక్షన్ కింద, తగాదా ఉన్నదాన్ని ఇరువైపులా విచారించి 10వ సెక్షన్ కింద నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం మీద అప్పీలుకు 3 నెలల గడువు ఉంటుంది. సర్వే పూర్తయినట్టు 13వ సెక్షన్ ప్రకటన వచ్చాక, దాన్ని మార్చుకోవాలంటే 3 సంవత్సరాల లోపు 14వ సెక్షన్ కింద సివిల్ దావా వేయాలి. ఆ గడువులు దాటితే కొత్త గీతే ఖాయమైన గీత అవుతుంది. కాబట్టి మీ హద్దు తగాదాలో ఉందని రీసర్వే బృందం వచ్చిన రోజునే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోరు మెదపకుండా ఊరుకుంటే తగాదా లేని హద్దుగా 9(2) నోటీసులోకి ఎక్కిపోతుంది.

ఇంకొకటి సరిచూసుకోండి. మీ రెండు పొలాల మధ్య ఎఫ్ఎంబిలో సబ్‌డివిజన్ గీత, అంటే ఒకే సర్వే నంబరును ముక్కలుగా విడదీసే గీత, నిజంగా ఉందా? ఒకే నంబరులో ముక్కలు అమ్ముకుని పాసుపుస్తకాలు మార్చుకుని, సబ్‌డివిజన్ మాత్రం చేయించుకోని పొలాలు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. గీతే లేని చోట సర్వేయరు గీత చూపించాడంటే అది ఆయన గీసిందే. అలాంటప్పుడు దస్తావేజుల్లోని కొలతలు, నాలుగు వైపుల హద్దులు, ఎవరి సాగు ఎక్కడిదాకా ఉందన్న రుజువులే ఆధారం. విస్తీర్ణానికీ చెప్పిన హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి.

గట్టు సంగతికి వద్దాం. మీరు కొనకముందు నుంచీ గట్టు అక్కడే ఉందని రాశారు. అమ్మినవారు, వారికి ముందువారు 12 ఏళ్లకు పైగా ఆ గట్టు దాకా సాగుచేసినట్టు, పక్కవారికి తెలిసేలా అది తమదేనని చెప్పుకుంటూ అనుభవించినట్టు రుజువు చేయగలిగితే, రికార్డు గీత ఎక్కడున్నా మీకు చెప్పుకోవడానికి ఒక వాదన ఉంటుంది. ఇది చెప్పినంత సులభం కాదు. ఎదుటివారు హద్దు తెలియక ఊరుకున్నారా, తెలిసీ ఊరుకున్నారా అన్న దగ్గరే చాలా కేసులు పడిపోతాయి. పాత ఉపగ్రహ చిత్రాల్లో గట్టు ఆనవాలు, గట్టు మీద చెట్ల వయసు, పాత కౌలుదారుల సాక్ష్యం, ఇవి సేకరించి న్యాయవాదికి చూపించాకే ఆ వాదన ఎత్తుకోవాలో వద్దో నిర్ణయించుకోండి.

కోర్టుకే వెళ్లవలసి వస్తే ఒట్టి ఇంజంక్షన్ (ఎదుటివారిని అడ్డుకునే ఉత్తర్వు) దావాతో సరిపెట్టుకోకండి. హక్కు మీదే సందేహం తలెత్తినప్పుడు హక్కు ప్రకటన కూడా కోరాలని వరంగల్ నుంచి వెళ్లిన అనాథుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హద్దు తగాదాలో కొలిపించడానికి కమిషనరును వేయడమే సరైన పద్ధతని అదే ఏడాది హర్యానా వక్ఫ్ బోర్డు కేసులోనూ చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద అడ్వొకేట్ కమిషనరును వేస్తే, ఆయన సర్వేయరు సాయంతో కొలిపించి నివేదిక ఇస్తారు. అన్ని రాళ్లూ సరిచూడాలి, తేడా వస్తే కారణం రాయాలి, ఫలానా లైసెన్సు సర్వేయరు సాయం తీసుకోకూడదు అన్న కోరికలన్నీ వర్క్ మెమోలో (కమిషనరు ఏమేం చూడాలో మనం రాసిచ్చే కాగితంలో) ముందే ఉండాలి. కమిషనరు మీ కారులో రాకూడదు, వారి కారులోనూ రాకూడదు. నివేదిక వచ్చాక అభ్యంతరాలు వేయవచ్చు, కమిషనరును బోనులో ప్రశ్నించవచ్చు. అయితే కొలతకు ముందు ఎత్తని అభ్యంతరానికి అప్పుడు పదును ఉండదు.

ఇంతా చెప్పి, ఐదు సెంట్ల కోసం దావా వేయమని మాత్రం నేను చెప్పను. సరైన కొలత వచ్చాక రాజీకి కూర్చోండి, అంతకుముందు వద్దు. గీత ఎక్కడుందో తెలియకుండా చేసుకునే రాజీ రెండో తరంలో విడిపోతుంది. గీత తెలిశాక దారులు చాలా కనిపిస్తాయి: గట్టు జరపవచ్చు, ఆ చీలికను ఆయన మీకు అమ్మవచ్చు, ఇంకోవైపు దానికి బదులు ఇచ్చుకోవచ్చు. భూమి చేతులు మారుతుంటే మాత్రం రిజిస్టరు దస్తావేజు, సబ్‌డివిజన్ రెండూ కావాలి. పెద్దమనుషుల ముందు రాసుకుని నోటరీ ముద్ర వేయించిన కాగితంతో అది జరగదు. దావా లేకపోయినా మండల న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు చేసి లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించుకోవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. అందుకని అవార్డుకు రాళ్ల మధ్య దూరాలు అంకెల్లో వేసిన స్కెచ్చును జతచేయించండి. ‘ప్రస్తుతమున్న గట్టు ప్రకారం’ అన్న మాటతో సరిపెడితే గట్టు కదిలిన రోజున మళ్లీ మొదటికొస్తుంది.

ఈ జవాబును లైసెన్సు సర్వేయర్లు కూడా చదువుతారని తెలుసు గనుక వారికి ఒక మాట. ఒక గీత మీద ఒకరి పని చేశాక అదే గీత మీద ఎదుటివారి పని వస్తే మొదటివారి రాతపూర్వక సమ్మతి లేకుండా ఒప్పుకోకండి. ఒప్పుకున్నా మొదటి ఫీల్డు బుక్కు ఇద్దరి ముందూ పెట్టి, అప్పటికీ ఇప్పటికీ తేడా ఎందుకు వచ్చిందో రాసి ఇవ్వండి. మొదటివారు నమ్మి చూపించిన దస్తావేజుల్లోని లొసుగులను రెండోవారికి చెప్పడం ఏ రకంగానూ సమర్థించుకోలేని పని. బేరం కుదిర్చే పని, కొలిచే పని రెండూ ఒకే భూమి మీద చేయకండి. రెండింటి ఫీజూ ఒక ఏడాదిలో ఖర్చయిపోతుంది, మీరు సంతకం పెట్టిన స్కెచ్చు మాత్రం కోర్టు ఫైల్లో మీ తరువాత కూడా ఉంటుంది.

మిగిలింది మీ డబ్బు. పక్క రైతు గీతే ఖాయమైతే, అదనంగా కట్టిన 5 సెంట్ల సొమ్ము అడగవలసింది అమ్మినవారిని. అగ్రిమెంటులో కొలత ప్రకారం ఎకరాకు ఇంత అన్న మాట ఉందో లేదో, ఆ అదనపు సొమ్ము బ్యాంకు ద్వారా వెళ్లిందో చేతికి ఇచ్చారో ముందు చూసుకోండి. దస్తావేజులో 2 ఎకరాల 66 సెంట్లే ఉంది కాబట్టి మీ చేతిలో ఉన్న రుజువు ఆ అగ్రిమెంటు, ఆ మొదటి స్కెచ్చు, ఆ చెల్లింపుల జాబితా మాత్రమే. సర్వేయరు మీద ఫిర్యాదు చేయదలిస్తే లైసెన్సు వ్యవహారాలు చూసే జిల్లా సర్వే అధికారికి చేయవచ్చు గాని, దానివల్ల సొమ్ము తిరిగిరాదు. సొమ్ము వసూలు దావాలకు సాధారణంగా 3 సంవత్సరాల కాలపరిమితి. మీరు కొని రెండేళ్లు గడిచాయి. ఎఫ్ లైన్ తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఈ వారంలోనే ఒక న్యాయవాది ద్వారా అమ్మినవారికి నోటీసు పంపించండి, కొలత ఫలితం వచ్చాక మిగిలింది చూసుకోవచ్చు.